5జీ గుర్తు ఉంది, స్పీడు లేదు: ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి?

రేకులషెడ్డు
ఫోన్ పైన 5జీ అని ఉంటుంది, వీడియో మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. దీని మీద ఇక్కడ జవాబులు చాలానే ఉన్నాయి గానీ అన్నీ ముక్కలు ముక్కలుగా పడి ఉన్నాయి. మూడు సంగతులు తేలితే చాలు. ఆ గుర్తును ఎంతవరకు నమ్మొచ్చు? "ఎన్ఆర్ ఓన్లీ" (ఎన్ఆర్ అంటే 5జీ రేడియో, ఫోన్‌ను 5జీకే కట్టేసే సెట్టింగు) పెట్టుకోవడం మంచిదా కాదా? తలుపేసుకోగానే స్పీడు ఎందుకు పడిపోతుంది? కంపెనీలను తిట్టడానికి వేరే థ్రెడ్ ఉంది, ఇక్కడ వద్దు. తెలిసినవాళ్లు అంకెలతో చెప్పండి.

పోర్ట్_1900
టవర్ దాకా పోయే ముందు ప్లాన్ చూసుకోండి. 2024 జులై 3న జియో, ఎయిర్‌టెల్ రెండూ రేట్లు పెంచినప్పుడు అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపైన ఇచ్చే ప్లాన్లకే ఉంచాయి. 1.5 జీబీ ప్లాన్‌లో కోటా అయిపోతే దక్కేది 64 కేబీపీఎస్. వాట్సాప్‌లో అక్షరాలు కదులుతాయి, ఫొటో కదలదు. కంపెనీ యాప్‌లో "మిగిలిన డేటా" చూడటానికి పది సెకన్లు పట్టదు. సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి.

ఎన్78
గుర్తు సంగతి తెలియాలంటే మన దగ్గర 5జీ రెండు దార్లలో వచ్చిందని తెలియాలి.

2022 ఆగస్టు 1న ముగిసిన వేలంలో మొత్తం రూ. 1,50,173 కోట్ల స్పెక్ట్రమ్ పోయింది. అందులో జియోది రూ. 88,078 కోట్లు, ఎయిర్‌టెల్‌ది రూ. 43,084 కోట్లు. తేడాలో పెద్ద ముక్క 700 మెగాహెర్ట్జ్. దేశమంతా 10 మెగాహెర్ట్జ్ చొప్పున కొనడానికి జియో ఒక్క ఆ బ్యాండ్ మీదే దాదాపు రూ. 39,270 కోట్లు పెట్టింది. ఎయిర్‌టెల్ దాని జోలికి పోలేదు. 3.5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో (ఎన్78) మాత్రం ఇద్దరూ 100 మెగాహెర్ట్జ్ దాకా తీసుకున్నారు.

దాన్నిబట్టే కట్టడం కూడా మారింది. జియో ఎస్ఏ, అంటే స్టాండలోన్. 5జీకి సొంత కోర్ (టవర్ల వెనక నెట్‌వర్క్‌ను నడిపే కేంద్రం), 4జీ ఊతం అక్కర్లేదు. ఎయిర్‌టెల్ మొబైల్ సేవను ఎన్ఎస్ఏగా, అంటే నాన్-స్టాండలోన్‌గా మొదలుపెట్టింది. ఫోన్ ముందు 4జీకి అంటుకుంటుంది. ఆ 4జీ సెల్ లంగరు, దాని మీద 5జీ అదనపు పైపు. ఉన్న టవర్ల మీద తొందరగా పరచడానికి ఎన్ఎస్ఏ సులువు. 2022 అక్టోబరు ఆరంభంలోనే హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో ఎయిర్‌టెల్ మొదలుపెట్టగలిగింది అందుకే. జియో హైదరాబాద్‌కి నవంబరు 10న, తిరుమల, విశాఖ, విజయవాడ, గుంటూరులకు డిసెంబరు 26న వచ్చింది.

ఇక గుర్తు. ఎన్ఎస్ఏలో 4జీ సెల్ తన ప్రసారంలోనే (ఎస్ఐబీ2 అనే సందేశం) ఒక బిట్ పంపుతుంది, పేరు "అప్పర్ లేయర్ ఇండికేషన్". దానర్థం "ఈ సెల్‌కి 5జీ జోడించే సత్తా ఉంది" అని. మీ ఫోన్‌కి 5జీ జోడించారని కాదు. చాలా ఫోన్లు ఆ బిట్ చూడగానే 5జీ అని వేసేస్తాయి. డేటా మొత్తం 4జీ మీదే నడుస్తున్నా గుర్తు మారదు. అది హోటల్ బయట బోర్డు లాంటిది, లోపల వంట అయిందో లేదో చెప్పదు.

ఎస్ఏలో ఈ తికమక లేదు. గుర్తుంటే నిజంగా 5జీ సెల్ మీదే ఉన్నట్టు. కానీ అది 10 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 700 కావచ్చు, 100 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 3.5 కావచ్చు. ఫోన్ పైన రెండింటికీ అదే గుర్తు.

చిన్నబస్టాండు
అన్నా, చరిత్ర బాగుంది. ఏ బ్యాండ్ మీద ఉన్నానో ఎలా చూడాలి?

మేడమీద_యాంటెన్నా
ఆండ్రాయిడ్: డయల్ ప్యాడ్‌లో *#*#4636#*#* కొడితే ఫోన్ ఇన్ఫర్మేషన్ పేజీ తెరుచుకుంటుంది. శాంసంగ్‌లో అయితే *#0011# కొట్టండి. రెండూ మూసేసిన ఫోన్లున్నాయి, వాటికి నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్ వేసుకుని లొకేషన్ అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే సెల్ వివరాలు ఖాళీగా వస్తాయి.

ఐఫోన్: *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ వస్తుంది. అందులో ఎన్ఆర్ విభాగమే కనిపించకపోతే ఆ క్షణంలో 5జీ లేదన్నమాట.

చూడాల్సినవి మూడే. బ్యాండ్ ఎన్28 (700), ఎన్78 (3.5) రెంటిలో ఏది? ఎస్ఎస్-ఆర్ఎస్ఆర్‌పీ (సెల్ నుంచి అందే సిగ్నల్ బలం) ఎంత? ఎస్ఐఎన్ఆర్ (రొద మధ్య ఆ సిగ్నల్ ఎంత స్పష్టమో చెప్పేది) ఎంత? మిగతా అంకెలన్నీ మనకు పని లేనివి.

వెనక ఏదైనా డౌన్‌లోడ్ నడుస్తుండగా చూడండి. ఫోన్ ఊరికే ఉన్నప్పుడు ఎన్ఎస్ఏలో 5జీ పైపు తీసేస్తారు, మళ్లీ డేటా కదిలినప్పుడే జోడిస్తారు. ఖాళీగా ఉన్న ఫోన్ చూసి "5జీ లేదు" అని స్క్రీన్‌షాట్ పెడితే అది లెక్కలోకి రాదు.

సెట్టింగులు కూడా ఇక్కడే చెప్పేస్తా. ఆండ్రాయిడ్‌లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ "5జీ/4జీ/..." అని పొడుగ్గా ఉన్న వరుస పెట్టండి. రెండు సిమ్‌లుంటే డేటా సిమ్ ఏదో చూడండి. పాత చిప్‌లున్న కొన్ని ఫోన్లలో 5జీ ఒక్క సిమ్‌కే పనిచేస్తుంది. ఐఫోన్‌లో మొబైల్ డేటా, తర్వాత వాయిస్ అండ్ డేటా, అక్కడ "5జీ ఆటో" కింద "5జీ స్టాండలోన్" మీట ఉంటే వేయండి. ఐఓఎస్ 16.2 కంటే పాతదైతే మన దేశపు నెట్‌వర్క్‌ల మీద 5జీ రానే రాదు. బ్యాటరీ సేవర్, లో పవర్ మోడ్ ఉన్నప్పుడు పరీక్ష చేయకండి, అవి 5జీని పక్కన పెడతాయి.

డౌన్‌లోడ్_దొర
ఇంత గొడవ ఎందుకు బ్రో. 4636లో "ఎన్ఆర్ ఓన్లీ" పెట్టేసి మర్చిపోండి. 4జీకి జారే పనే ఉండదు.

ఎన్78
> "ఎన్ఆర్ ఓన్లీ" పెట్టేసి మర్చిపోండి

పెట్టొచ్చు, మర్చిపోకూడదు. ఎన్ఎస్ఏ నెట్‌వర్క్‌లో అలా పెడితే సిగ్నలే పోతుంది, లంగరు 4జీయే కదా. ఎస్ఏలో డేటా బాగానే నడుస్తుంది, చిక్కు కాల్స్ దగ్గర. 5జీ మీద కాల్ నడవాలంటే వీఓఎన్ఆర్ ఉండాలి. నెట్‌వర్క్‌లో ఉన్నా మీ ఫోన్ మోడల్‌కి తెరిచి ఉండాలి. లేకపోతే కాల్ రాగానే నెట్‌వర్క్ ఫోన్‌ను 4జీకి దింపి వోల్టీ (4జీ మీద నడిచే కాల్) మీద కలుపుతుంది, దీన్ని ఈపీఎస్ ఫాల్‌బ్యాక్ అంటారు. మీరు 4జీ తలుపు మూసేశారు కాబట్టి దిగడానికి మెట్టు లేదు. అవతలివాళ్లకి "స్విచ్ఛాఫ్" అని వినిపిస్తుంది. ఓటీపీ కూడా ఆలస్యం కావచ్చు, రాకపోనూ వచ్చు.

పరీక్షకి పది నిమిషాలు వాడండి, మళ్లీ వెనక్కి మార్చండి. చాలా ఫోన్లలో రీస్టార్ట్ చేస్తే దానంతటదే మారిపోతుంది, అదొక మేలు.

డౌన్‌లోడ్_దొర
కాల్స్ సంగతి ఆలోచించలేదు. సరే, వెనక్కి తీసుకుంటున్నా.

సిగ్నల్_పురాణం
అంకెలు చదవడం దగ్గర ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు కాబట్టి కొంచెం వివరంగా.

ఆర్ఎస్ఆర్‌పీ రుణాత్మకం. -85 అంటే -105 కంటే మేలు. -80కి పైన ఉంటే ఢోకా లేదు. -95 దాకా బాగానే ఉంటుంది. -105 దాటాక అప్‌లోడ్ ముందు మూలుగుతుంది, -115 దగ్గర ఫోన్ సెల్ వదిలేసే పనిలో ఉంటుంది. 3 డీబీ తగ్గితే అందే శక్తి సగమైనట్టు, 10 డీబీ తగ్గితే పదో వంతు.

ఎస్ఐఎన్ఆర్ వేరే కథ. అది మన సెల్ గొంతుకీ పక్క సెల్స్ రొదకీ ఉన్న తేడా. 20 పైన అద్భుతం, 10 దాటితే మంచిది, 5 కింద అవస్థ, సున్నా కిందికి పోతే సంతలో మాట వినబడనట్టే. ఆర్ఎస్ఆర్‌పీ -75 ఉండి ఎస్ఐఎన్ఆర్ 2 ఉన్న చోట్లు నగరాల్లో కోకొల్లలు. రెండు మూడు టవర్లు సమాన దూరంలో ఉండి అన్నీ గట్టిగా వినబడుతుంటే ఇలా అవుతుంది. "నిండా గీతలున్నాయి, స్పీడు లేదు" అనే ఫిర్యాదుకి మూలం చాలాసార్లు ఇదే. అలాంటి చోట గది మారిస్తే, ఒక టవర్ వైపు మాత్రమే కిటికీ ఉన్న మూలకి పోతే, గీతలు తగ్గి స్పీడు పెరుగుతుంది.

ఇంకో పొరపాటు, రెండు బ్యాండ్ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం. ఎన్28లో -85, ఎన్78లో -100 కనిపిస్తే మొదటిదే మేలనిపిస్తుంది. కాదు. లెక్క చూడండి. ఎన్28 10 మెగాహెర్ట్జ్‌లో ఉండేవి 52 రిసోర్స్ బ్లాకులు (డేటా మోసే ముక్కలు), రెండు లేయర్లతో (ఒకేసారి పక్కపక్కన వెళ్లే ధారలు) 256 క్వామ్ (డేటాను దట్టంగా కుక్కే పద్ధతి) వేసినా సిద్ధాంతం ప్రకారం 110 ఎంబీపీఎస్ చుట్టుపక్కలే ఆగుతుంది. ఎన్78 100 మెగాహెర్ట్జ్‌లో 273 బ్లాకులు, పైగా 30 కిలోహెర్ట్జ్ అంతరం వల్ల స్లాట్లు (డేటా పంపే కాలపు ముక్కలు) రెట్టింపు వేగంతో వస్తాయి. నాలుగు లేయర్లతో, డౌన్‌లోడ్‌కి ముప్పాతిక సమయం ఇచ్చినా 1.7 జీబీపీఎస్ దరిదాపుల్లోకి పోతుంది. బక్కచిక్కిన ఎన్78 కూడా పుష్టిగా ఉన్న ఎన్28ని ఓడిస్తుంది, ఎస్ఐఎన్ఆర్ మరీ చెడిపోనంత వరకు. ఈ లెక్కలు సెల్‌లో మీరొక్కరే ఉన్నప్పటివి. సాయంత్రం ఎనిమిదింటికి అదే పైపును వీధంతా పంచుకుంటుంది.

రేకులషెడ్డు
గోడల సంగతి?

సిగ్నల్_పురాణం
మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ నమూనాలో పదార్థాలు ఎంత సిగ్నల్ మింగుతాయో సూత్రాలున్నాయి. కాంక్రీటుకి 5 + 4ఎఫ్ డీబీ, ఎఫ్ అంటే గిగాహెర్ట్జ్. 3.5 దగ్గర 19 డీబీ, 0.7 దగ్గర 8 డీబీ లోపు. ఒక్క గోడకే 11 డీబీ తేడా. మామూలు అద్దానికి 3.5 దగ్గర 3 డీబీ కూడా పోదు. ఎండ ఆపే లోహపు పూత ఉన్న అద్దానికి మాత్రం 24 డీబీ. కొత్త గేటెడ్ అపార్ట్‌మెంట్లలో, గాజు ఆఫీసుల్లో 3.5 లోపలికి రాకపోవడానికి గోడల కంటే ఆ నీలం అద్దాలే ఎక్కువ కారణం. కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి ఆర్ఎస్ఆర్‌పీ చూడండి. 15, 20 తేడా వస్తే దోషి దొరికినట్టే.

కృష్ణలంక_కేబుల్
అప్‌లోడ్ మాత్రం ఎందుకంత నీరసం? డౌన్ 400, అప్ 14 చూపించే చోట్లున్నాయి.

ఎన్78
రెండు కారణాలు. ఎన్78 టీడీడీ, పైకీ కిందికీ ఒకటే పౌనఃపున్యం, కాలం పంచుకోవాలి. సాధారణంగా వాడే డీడీడీఎస్‌యూ వరుసలో (డీ కిందికి, యూ పైకి, ఎస్ రెండింటి మధ్య మార్పుకి) ఐదు స్లాట్లలో పూర్తిగా పైకి వెళ్లేది ఒక్కటే. రెండోది, టవర్ గట్టిగా అరవగలదు, ఫోన్ అరవలేదు. ఫోన్ గరిష్ఠ శక్తి 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. ఎక్కువ శక్తి రకం ఫోన్లకు 26 డీబీఎం, అంటే దాదాపు 400. టవర్ మాట మీకు వినబడుతుంది, మీ మాట టవర్‌కి అందదు. ఎన్ఎస్ఏలో ఇలాంటప్పుడు అప్‌లోడ్‌ను 4జీ కాలు మీదికి మళ్లించే వీలుంది. అంచున ఉన్నవాళ్లకి ఎన్ఎస్ఏయే మెరుగ్గా కనబడటానికి అదొక కారణం. ఎస్ఏ ఎప్పుడూ గొప్పది అనేవాళ్లు ఇది మర్చిపోతారు.

లోడ్‌షెడ్డింగ్
రేడియో దాకానే మాట్లాడుతున్నారు. టవర్ వెనకాల ఏముందో కూడా చూడండి.

64 యాంటెన్నా గొలుసుల ఎన్78 రేడియో పూర్తి లోడులో కిలోవాట్ దాకా తాగుతుంది. మూడు దిక్కులకి మూడు. కరెంటు పోయి సైట్ 48 వోల్టుల బ్యాటరీ మీద పడితే, కొంత వోల్టేజీ దగ్గర ముందు 5జీ రేడియోలను కత్తిరించి 4జీని బతికించేలా చాలా సైట్లలో అమరుస్తారు. "కరెంటు పోతే అరగంటకే 5జీ పోతోంది, ఫోన్ మాట్లాడటానికి ఇబ్బంది లేదు" అంటే అది లోపం కాదు, కావాలని చేసిన అమరిక.

రెండోది బ్యాక్‌హాల్, అంటే టవర్‌ను మిగతా నెట్‌వర్క్‌కి కలిపే లైను. ఫైబర్ ఉన్న సైట్‌కీ మైక్రోవేవ్ (టవర్ నుంచి టవర్‌కి గాలిలో పోయే లింకు) మీద నడిచే సైట్‌కీ పోలికే లేదు. 4జీ రోజుల నాటి మైక్రోవేవ్ హాప్ మీద మూడు సెక్టార్ల ఎన్78 వేలాడదీస్తే గొంతు అక్కడే పట్టేస్తుంది. గుర్తుపట్టడం ఇలా: ఆర్ఎస్ఆర్‌పీ -75, ఎస్ఐఎన్ఆర్ 22, తెల్లవారుజామున మూడింటికి పరీక్షించినా స్పీడు ఒకే అంకె దగ్గర గోడకి తగిలినట్టు ఆగిపోవడం. రద్దీ అయితే వేళనుబట్టి మారుతుంది. బ్యాక్‌హాల్ అయితే ఏ వేళైనా అదే గోడ. రోడ్డు తవ్వి ఫైబర్ తెగినా ఇలాగే ఉంటుంది, కాకపోతే రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

చిన్నబస్టాండు
విమానాశ్రయం పక్క కాలనీల్లో 3.5 రాదంటారు, నిజమేనా?

ఎన్78
నిజమైన మూలమే ఉంది. విమానం ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్లు 4200 నుంచి 4400 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. పాత వాటికి ఫిల్టర్లు గట్టివి కావు. అందుకని 2022 నవంబరులో టెలికాం శాఖ ఒక హద్దు గీసింది. రన్‌వే రెండు కొసల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్య గీత నుంచి 910 మీటర్ల లోపల 3300-3670 మెగాహెర్ట్జ్ 5జీ స్టేషన్లు పెట్టొద్దని, దాని చుట్టూ ఇంకో 540 మీటర్ల పట్టీలో శక్తి తగ్గించమని. 700కి ఈ బాధ లేదు. మీ కాలనీ సంగతి తెలియాలంటే కంపెనీ సైట్‌లో కవరేజీ మ్యాపు చూడండి. 2024 నాటి ట్రాయ్ నాణ్యతా నిబంధనల ప్రకారం ఆ మ్యాపులు పెట్టడం తప్పనిసరి.

మేడమీద_యాంటెన్నా
రేడియో అంకెలన్నీ బాగుండి, స్పీడు టెస్ట్ కూడా బాగుండి, కొన్ని యాప్‌లు మాత్రమే మొరాయిస్తే ఏపీఎన్ (ఫోన్ డేటా ఏ దారిన ఇంటర్నెట్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగు) చూడండి. ప్రోటోకాల్ "ఐపీవీ4/ఐపీవీ6" ఉండాలి. యూట్యూబ్ చెప్పాడని వట్టి ఐపీవీ4 పెట్టుకున్నవాళ్లు, "స్పీడు ఏపీఎన్" అని ఏదో కొత్త పేరు రాసుకున్నవాళ్లు ముందు "రీసెట్ టు డిఫాల్ట్" నొక్కండి. ఏపీఎన్ పేరు మారిస్తే స్పీడు పెరగదు, అది వట్టి నాటువైద్యం. ప్రైవేట్ డీఎన్ఎస్, వీపీఎన్ రెండూ ఆపి ఒకసారి చూడండి.

ఎయిర్‌ఫైబర్ (5జీ సిగ్నల్ మీద వచ్చే ఇంటి ఇంటర్నెట్) పెట్టించుకునేవాళ్లకి ఒక మాట. మేడ మీద బిగించే బయటి యూనిట్‌ని మనిషి ఎత్తు పైపు మీద, పిట్టగోడ కంటే పైకి బిగించమనండి. నీళ్ల ట్యాంకు వెనక, వేపచెట్టు కొమ్మల మధ్య వద్దు. తడిసిన ఆకులు 3.5ని బాగా మింగుతాయి, వేసవిలో పరీక్షించి సంబరపడితే వానాకాలంలో తెలిసొస్తుంది. బిగించే ముందు యూనిట్‌ని పది పదిహేను డిగ్రీల చొప్పున తిప్పుతూ ప్రతిచోటా ఒక నిమిషం ఆగి ఎస్ఐఎన్ఆర్ చూడాలి. దగ్గర టవర్ వైపే తిప్పాలన్న నియమం లేదు, తక్కువ రద్దీ ఉన్న దూరపు టవర్ మేలు కావచ్చు. కిందికి వచ్చే క్యాట్6 కేబుల్ మీదే కరెంటు కూడా వెళ్తుంది కాబట్టి మధ్యలో జాయింట్లు వద్దు. ఇంట్లోకి దూరే ముందు కేబుల్‌ని కొంచెం కిందికి వేలాడనిచ్చి పైకి తీసుకెళ్తే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, అడాప్టర్ దాకా రాదు.

పోర్ట్_1900
అన్నీ చూశాక కూడా మారకపోతే ఫిర్యాదు ఇలా పెట్టండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోండి. "నెట్ స్లో" అని కాదు, సెల్ ఐడీ, బ్యాండ్, ఆర్ఎస్ఆర్‌పీ, ఎస్ఐఎన్ఆర్, మూడు వేర్వేరు వేళల స్పీడు రాయించండి. అంకెలున్న ఫిర్యాదు నెట్‌వర్క్ టీమ్‌కి వెళ్తుంది, లేనిది "ఫోన్ రీస్టార్ట్ చేయండి" దగ్గర మూసేస్తారు. తృప్తి లేకపోతే 30 రోజుల్లోగా కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లొచ్చు.

పోర్ట్ కావాలంటే, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారాలంటే, ఇంగ్లిషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి ఎస్ఎంఎస్. వచ్చే కోడ్ మన సర్కిల్‌లో నాలుగు రోజులు చెల్లుతుంది. ఆంధ్ర, తెలంగాణ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్, కాబట్టి వరంగల్ నుంచి ఒంగోలు మారినా సర్కిల్ మారినట్టు కాదు. అయితే పోర్ట్ చేసే ముందు ఆ కంపెనీ సిమ్ ఉన్న స్నేహితుడి ఫోన్ మీ పడకగదిలో ఐదు నిమిషాలు పెట్టి అంకెలు చూడండి. వీధిలో చూస్తే లాభం లేదు.

రేకులషెడ్డు
చాలా తేలిపోయింది, ధన్యవాదాలు. చివరిగా ఒకటి. లోపలి గదికి ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ పెట్టొచ్చా?

లోడ్‌షెడ్డింగ్
వద్దు. లైసెన్సు లేకుండా బూస్టర్ పెట్టడం నేరం. చట్టం సంగతి అటుంచినా, ఆ చౌక పెట్టెలు 4జీ, 2జీ బ్యాండ్లకి చేసినవి, ఎన్78కి పనికిరావు. పైగా అవి పైకి పంపే రొద టవర్ చెవిలో పడి సెల్ మొత్తానికి అప్‌లోడ్ పాడవుతుంది. వీధిలో ఒక్క ఇంట్లో బూస్టర్ ఉంటే చాలు, మిగతావాళ్లు ఈ థ్రెడ్‌కి వస్తారు.

లోపలి గదిలో కావాల్సింది కాల్స్ అయితే వైఫై కాలింగ్ ఆన్ చేయండి, ఫోన్ సెట్టింగుల్లో సిమ్ పేరు కిందే ఉంటుంది. డేటా కావాలంటే కిటికీ దగ్గర 5జీ రూటర్ పెట్టి లోపలికి కేబుల్ లాగండి. పాత ఫోన్ ఒకటి కిటికీలో ఛార్జర్‌కి తగిలించి హాట్‌స్పాట్ పెట్టినా పని జరుగుతుంది. ఎండ తగలని కిటికీ చూసుకోండి, మధ్యాహ్నం వేడెక్కితే ఫోన్ తనంతట తానే 4జీకి దిగుతుంది.